కరెంటు మేసే పంది

ఆ ఏడు మామిడిపళ్ళు పండి రాలి, టెంకలు ఎండకి పగిలినా వాన పడలేదు. ములాంజె కొండ వెలిసిపోయిన ఇనపరేకులా ఊరి మీద నిలబడి ఉంది. గాదెలు అడుగంటాయి. మగవాళ్ళకి కత్తులు నూరుకోవడం తప్ప వేరే పని లేదు.

మా బావమరిది ఫైసన్ కత్తి నూరితే మా వాకిట్లోనే నూరేవాడు, నాకు వినపడాలని.

"అల్లుడుగారు బయల్దేరారు," అనేవాడు రాయి మీద నీళ్ళు చల్లుతూ. "పోయిరా బావా, పందికి మేత పెట్టిరా. మా పొయ్యిలో పిల్లి లేవకపోయినా దాని తొట్టి ఎండకూడదు."

"అది తినేది కరెంటు బావా. నీ సంకటి కాదు."

"అబ్బో. అరువు పుంజు కూసింది."

మా వైపు మగవాడు పెళ్ళయ్యాక ఆడదాని ఊరు వెళతాడు. అందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. ఇల్లూ పొలమూ ఆమెవి, పిల్లలు ఆమె వంశం, పెత్తనం ఆమె మేనమామది. అల్లుణ్ణి అరువు పుంజు అంటారు. పెట్టల కోసం తెచ్చుకున్నదే గాని, దాని కూతకి ఎవరూ నిద్ర లేవరు. నాకు కోపం వచ్చేది కాదు. మా ఊళ్ళో మా అక్క మొగుణ్ణి నేనూ ఆ మాటే అన్నాను.

పంది అంటే ఏటి ఒడ్డున పెట్టిన ఇనప పెట్టె. లారీ మీద వచ్చింది. లారీ వంతెన దగ్గర బురదలో దిగబడితే ఊరు ఊరంతా వెళ్ళి నెట్టింది. అందరికంటే ముందు భుజం పెట్టింది ఫైసనే. లోపల వరసలు వరసలుగా యంత్రాలున్నాయి. నేను దానికి పగటి కాపలా.

దాన్ని చూసుకోవడానికి వచ్చిన కుర్ర మెకానిక్కు వొంగాని. మా దేశంలోనే ఉత్తరాది వాడు, మా ఇంటి పక్కగదిలో అద్దెకి దిగాడు. ఆ పెట్టె ఏం చేస్తుందని ఊరు అడిగితే, "తవ్వుతుంది" అన్నాడు. వాళ్ళ కంపెనీలో ఆ మాటే వాడతారట. ఏం తవ్వుతుంది? కొండలో కెంపులా? నేల మీద గడ్డపార గాటు కూడా లేదు కదా? ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి నా భార్య ఎనిఫాయే వాణ్ణి కూర్చోబెట్టి అడిగింది.

"మీ ఇంట్లో కుడితి మిగిలితే ఏం చేస్తారక్కా?" అన్నాడు వాడు.

"పందికి పోస్తాం."

"ఇదీ అంతే. ఏటి దగ్గర కరెంటు మర పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది. మీరు వాడేది సాయంత్రం నాలుగు బల్బులకి, పగలు పిండిమరకి. మిగిలింది కొనేవాడు ఈ చుట్టుపక్కల లేడు, ఏట్లో పోసినట్టే. ఆ మిగులు ఈ పెట్టె తింటుంది. తిని, ఎక్కడెక్కడి దేశాల వాళ్ళకో లెక్కలు కట్టి పెడుతుంది, వాళ్ళు డబ్బిస్తారు. ఆ వచ్చిన డబ్బుతోనే బడి దగ్గర ఆగిపోయిన తీగ మీ పేటదాకా వచ్చింది."

"నీళ్ళు తగ్గితేనో?"

"ముందు పంది పస్తు. తర్వాతే మనుషులు. ఒప్పందం అది."

అప్పట్నుంచి ఊరు దాన్ని పంది అంది, ముద్దుగానే. ఆ తీగ రాకముందు మా ఆడవాళ్ళు జొన్నల బేసిన్లు నెత్తిన పెట్టుకుని సంత ఊరి డీజిలు మరకి నడిచేవాళ్ళు. పొద్దున వెళితే ఎండ వాలాక వచ్చేవాళ్ళు. ఇప్పుడు మర ఊళ్ళోకే వచ్చింది. దాన్ని నడిపేది ఎనిఫా. ఒళ్ళంతా పిండితో తెల్లగా, పాట పాడుకుంటూ ఇంటికొచ్చేది. అంతకు ముందు, పెళ్ళయిన అన్నేళ్ళలో ఆమె పాడగా నేను వినలేదు.

వొంగానికి ఒక అలవాటుంది. తింటూ మాట్లాడతాడు.

"ఇది గుమ్మడాకేనా అక్కా? వేరుశనగ పొడి ఎప్పుడేశారు? మా అమ్మయితే ముందే—"

"కొండ తిండి అనుకుని తిను నాయనా," అనేది ఎనిఫా.

కొండ మీద దారి తప్పినవాడికి ఒక్కోసారి బండ మీద వేడి సంకటి కనపడుతుంది. ఎవరు వండారు, ఎందుకు పెట్టారు అని అడగకూడదు. నోరు మూసుకుని తినాలి. తిన్నవాడు ఇల్లు చేరతాడు. అడిగినవాడు చేరడు. మా పెద్దలు చెప్పిన మాట ఇది. విని వొంగాని నవ్వేవాడు. నవ్వి ఇంకో ప్రశ్న వేసేవాడు.

ఎండలు ముదిరాక ఆ పుకారు వచ్చింది. కొండకి అవతల ఒక ఆడమనిషి తెల్లారి మంచం మీంచి లేవలేదన్నారు. మెడ మీద సూది గుర్తన్నారు. రక్తం తోడేవాళ్ళు మళ్ళీ దిగారన్నారు.

మాకిది కొత్త కాదు. కరువొచ్చినప్పుడల్లా వస్తుంది. తిండి లేక మనుషులు పాలిపోతారు కదా, ఒంట్లో రక్తం ఎక్కడికి పోయిందా అని చుట్టూ చూస్తారు. కుర్రాళ్ళు దారికి అడ్డంగా దుంగలు పడేశారు. వచ్చేపోయే వాళ్ళ సంచులు వెతికారు. వాళ్ళ పెద్ద ఫైసన్. పని లేనివాడికి పని దొరికింది.

మా భాషలో నీళ్ళ పంపుని ఎంపోపె అంటాం. రక్తం తోడేవాణ్ణి పోపా అంటాం. రెండూ ఒక తల్లి బిడ్డలే గాని, చంటిపిల్ల కూడా ఒకటనుకుని ఇంకోటి అనదు. వొంగానికి మా మాట సగమే వచ్చు.

ఆ రోజు పిండిమర దగ్గర ఆడవాళ్ళు బారు కట్టి ఉన్నారు. ఎనిఫా మర ఆపి జల్లెడ దులుపుతోంది. అందుకే వాడి గొంతు అంత స్పష్టంగా వినపడింది. ఫోను చెవికి పెట్టుకుని, గోడకి ఆనుకుని, గట్టిగా అరుస్తున్నాడు.

"పాత పోపా పని అయిపోయింది. పీల్చే బలం లేదు దానికి. కొత్త పోపాని రేపే పంపించు, మటియాసి బైకు మీద. లేకపోతే ఇక్కడ ఒక్కటీ బతకదు!"

యంత్రాల గురించి చెబుతున్నాడు. వాటిని చల్లబరిచే నీళ్ళు తిప్పే పంపు చెడిపోయింది. ఒక ముసలామె బేసిను జారి కింద పడింది. గింజలు కాళ్ళ మధ్య దొర్లిపోతున్నా ఎవరూ వంగి ఏరలేదు.

"ఎంపోపె!" అంది ఎనిఫా గబగబా, నవ్వు తెచ్చుకుని. "నీళ్ళ పంపు! ఈ ఉత్తరాది సన్నాసికి నోరు తిరగదు!"

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళు బేసిన్లు ఎత్తుకుని, పిండి పట్టించకుండానే వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం వొంగాని గొట్టాలు విప్పి పెట్టెలోని నీళ్ళు దించాడు. ఎర్రటి నీళ్ళు. ఎక్కడ కారినా కనపడాలని వాటిలో రంగు కలుపుతారట. నేను బకెట్లతో మోసి పెట్టె వెనక గోతిలో పోశాను. ఏటికి వచ్చిన ఆడవాళ్ళు బిందెలతో అలాగే నిలబడి చూశారు.

ఇంటికొచ్చేసరికి ఫైసన్ వాకిట్లో ఉన్నాడు. ఈసారి కత్తి నూరడం లేదు.

"ఆ బకెట్లలో ఏం మోశావు బావా?"

"నీళ్ళు. రంగు నీళ్ళు."

"నీళ్ళే కదా. అయితే ఒక చెంబెడు తెచ్చి నా ముందు తాగు."

"తాగితే చస్తాను. విషం అది."

"నీళ్ళంటావు, తాగితే చస్తానంటావు." లేచి నా దగ్గరికొచ్చాడు. వాడి కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేడు. "తవ్వుతుంది అన్నారు. నేల తవ్వలేదు, కొండ తవ్వలేదు. ఇక తవ్వడానికి మిగిలిందేంటి బావా? మనిషే కదా?"

"బావా, ఆ లారీని నెట్టింది నువ్వే."

"నెట్టాను. అందుకే నిద్ర పట్టట్లేదు."

మర్నాడు పెట్టె చప్పుడు లేదు. యంత్రాలన్నీ ఆపేశాడు వొంగాని. ఏటి హోరు అంత దగ్గరగా ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ హోరులో, ఎండ నడినెత్తికి వచ్చే వేళ, దుంగల దగ్గర కేకలు వినపడ్డాయి. పరిగెత్తాను.

కిరాయి బైకు నడిపే మటియాసిని కిందికి లాగేశారు. మా ఊరి ఆడవాళ్ళని కాన్పులకి ఆసుపత్రికి చేర్చింది ఆ బైకే. అట్టపెట్టె చించి ఉంది. లోపల నల్లటి పంపు, రెండు గాజులాంటి గొట్టాలు, వాటి చివర ఇత్తడి ముక్కులు.

"ఏంట్రా ఇది?" అన్నాడు ఫైసన్.

"వొంగాని తెమ్మన్నాడన్నా. పోపా అట." మటియాసి బిక్కుబిక్కుమంటూ నవ్వాడు. "నాకేం తెలుసు, వాడు ఏమంటే అదే అన్నాను."

"ఎంపోపె అది!" అని అరిచాను. "నీళ్ళ పంపు! నేను చూశాను పాతది!"

"అరువు పుంజు కూసిందిరోయ్," అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వారు కూడా.

మొదటి దెబ్బ ఎవరిదో నాకు తెలుసు. చెప్పను. వాడి తల్లి ఇంకా బతికి ఉంది. దుంగ చెక్కతో మోకాళ్ళ మీద కొట్టారు. పడ్డాక రాళ్ళు. మటియాసి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. ఒరే నీ పెళ్ళాన్ని నేనే తీసుకెళ్ళాను కదరా, అన్నాడు. పేరు పిలిపించుకున్నవాడు ఇంకా గట్టిగా కొట్టాడు. దవడ విరిగాక పేర్లు ఆగిపోయాయి. నేను మధ్యలో దూరబోతే ఎవరో గుండెల మీద తన్నారు. గడ్డిలో పడి చూస్తూండగా బైకు పడగొట్టి, ట్యాంకు మూత తీసి, పెట్రోలు వాడి మీద పోశారు. మటియాసి చెయ్యి, అగ్గిపుల్ల కోసం జేబు తడుముకుంటున్నవాడి కాలు పట్టుకుంది. బతిమాలుతోందో, లేవడానికి ఆసరా కోసమో. మంట లేచాక కూడా కాసేపు వదల్లేదు.

"ఇంక రెండోవాడు," అన్నాడు ఫైసన్.

నేను తేయాకు తోట మధ్యనుంచి అడ్డంగా పరిగెత్తాను. మెడలో వేలాడే పెట్టె తాళంచెవి తెంపి తుప్పల్లోకి విసిరేశాను. ఎందుకు విసిరానో నాకే తెలీదు. దొరికితే నాచేతే తీయిస్తారని తోచి ఉంటుంది.

ఇంటి దగ్గర ఎనిఫా చేటతో తవుడు చెరుగుతోంది. వొంగాని గది తలుపు బార్లా తీసి ఉంది. నేను నోరు తెరవబోయాను. ఆమె చేట ఆపకుండా గాదె వైపు చూసింది. వెదురు గాదె, కర్రల మీద ఎత్తుగా ఉంటుంది, ఆ నెలలో ఖాళీ. దాని నీడలో ఎప్పుడూ పడుకునే కోళ్ళు దూరంగా ఎండలో నిలబడి ఉన్నాయి.

గుంపు కంచె బయటే ఆగింది. ఎనిఫా ఊరిపెద్ద మేనకోడలు. ఆమె వాకిట్లోకి గుంపుగా రాకూడదు, ఆ పిచ్చిలోనూ ఆ మర్యాద మిగిలింది. ఫైసన్ ఒక్కడే లోపలికొచ్చాడు. మోచేతుల దాకా మసి, రక్తం.

"వాడేడి చెల్లీ?"

"ఎవడు?"

"ఎవడో నీకు తెలుసు."

చేట ఆడుతూనే ఉంది. "పందిలో దూరాడు. లోపల్నుంచి తాళం వేసుకున్నాడు."

ఫైసన్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత కోళ్ళ వైపు చూశాడు. కోళ్ళని ఎంతసేపు చూశాడో చెప్పలేను.

"అమ్మ మీద ఒట్టు?"

"అమ్మ మీద ఒట్టన్నా."

ఇద్దరికీ ఒకే అమ్మ. పోయి చాలా ఏళ్ళయింది. ఫైసన్ తలూపి వెనక్కి తిరిగాడు. నా భుజం పట్టుకుని ముందుకి తోశాడు. "పద బావా. తాళం నీ దగ్గరుంది."

"పోయింది."

కత్తి పిడితో నా నోటి మీద కొట్టాడు. రెండు పళ్ళు నాలుక మీదికి వచ్చాయి. జుట్టు పట్టుకుని ఈడ్చుకుంటూ ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళారు.

పెట్టె ఎండలో మౌనంగా ఉంది. దుంగలతో తలుపు బాదారు. రాళ్ళతో ఫ్యాన్లు పగలగొట్టారు. బయటికి రారా ఉత్తరాది పిశాచీ అని తిట్టారు. ఇనుము వంగింది గాని తలుపు రాలేదు. ఎండుగడ్డి మోపులు తెచ్చి చుట్టూ పేర్చసాగారు.

"అలా కాదు," అన్నాడు ఫైసన్. "పందిని కొయ్యాలంటే ముందు మెడ నరం కొయ్యాలి."

పెట్టె వెనక, మణికట్టంత లావు నల్లటి తీగ నేలలోంచి లేచి లోపలికి వెళుతుంది. చప్పుడు లేదు కాబట్టి అందులో ఏమీ లేదనుకున్నాడు వాడు. యంత్రాలు ఆగినా, ఏటి మీది మర ఆగలేదు. తీగలో కరెంటు నిండుగా ఉంది. దాన్ని ఆపే మీట పైన మర దగ్గరే.

నోట్లో రక్తం ఉమ్మి అరిచాను. "కొయ్యకు బావా! అందులో ప్రాణం ఉంది!"

కరెంటు ఉన్న తీగని మేం ప్రాణం ఉన్న తీగ అంటాం. ఫైసన్ తల తిప్పి నన్ను చూశాడు. ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వాడు.

"ఉందనే కదా కొయ్యడం."

"బావా, వినరా, నా మాట విను!"

"మళ్ళీ కూసింది," అన్నాడు, కత్తి ఎత్తాడు. పొద్దున్నే మా వాకిట్లో నూరిన కత్తి.

మెరుపు నీలంగా వచ్చింది. చప్పుడు తర్వాత వచ్చింది. గుంపు మొత్తం ఒక్క మనిషిలా వెనక్కి పడింది. దూరంగా సారా కొట్టులో పాట మధ్యలో తెగిపోయింది. ఫైసన్ చేతులు కత్తిని వదల్లేదు. కత్తి అంచు కరిగి తీగకి అతుక్కుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఏదో గుర్తు చేసుకుంటున్నవాడిలా తల వంచుకుని ఉన్నాడు, చొక్కాలోంచి పొగ వస్తోంది.

అందరూ పారిపోయారు. నేను ఎండు వెదురు గడతో వాణ్ణి తీగ నుంచి వేరు చేసి, నా చొక్కా కప్పి కూర్చున్నాను. ఈగలు తోలడానికి ఒకరు ఉండాలి కదా. ఆ సందట్లోనే ఎనిఫా వొంగానిని గాదెలోంచి దించి, తన గుడ్డ తల మీదుగా కప్పి, నెత్తిన బేసిను పెట్టి, ఆడమనిషిలా అరటితోటల గుండా తేయాకు తోట రోడ్డుకి చేర్చింది. వాడు బతికి వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళాడు. దారి పొడుగునా ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదట.

పోలీసులు వచ్చి దొరికిన కుర్రాళ్ళని కొట్టి బండెక్కించారు. కంపెనీ వాళ్ళు పందిని లారీ మీదికి ఎక్కించారు. పంది పోయాక మా పేట తీగకి ఖర్చు పెట్టేవాడు లేడని, బడి దాకా ఉంచి మిగతాది చుట్టేసుకున్నారు. లారీ వంతెన దగ్గర మళ్ళీ దిగబడింది. నెట్టడానికి ఊళ్ళోంచి ఎవరూ వెళ్ళలేదు.

ఫైసన్‌ని పూడ్చిన మర్నాడు ఎనిఫా మేనమామ, ఊరిపెద్ద నమలోంబ మా వాకిట్లో చాప వేయించి కూర్చున్నాడు. ఈసారి ఊరు కంచె లోపలికి వచ్చింది. నమలోంబ ముసలివాడు, మెల్లిగా మాట్లాడతాడు.

"ఆ ఉత్తరాది వాడు పందిలో లేడు. పోలీసులు తలుపు విరిచి చూశారు, ఖాళీ. అందులో ఉన్నాడని నా మేనల్లుడికి ఎవరు చెప్పారు?"

ఆ రోజు కంచె లోపలికి వచ్చింది ఫైసన్ ఒక్కడే. విన్నది మేం ముగ్గురమే.

ఎనిఫా అన్న చావుకి గుండు చేయించుకుని ఉంది. ఒడిలో చేతులు. ఆమె పెదవులు కదిలాయి.

"మావయ్యా," అంది.

"నేనే చెప్పాను," అన్నాను.

ముసలివాడు నా వైపు చూడలేదు. మేనకోడల్నే చూస్తున్నాడు. ఆఖరికి, "అల్లుడు చెప్పాడట," అన్నాడు ఊరితో. "అల్లుడు మన రక్తం కాదు. వెళ్ళేవాడికి చాప, గొడ్డలి ఇచ్చేయండి."

చాప, గొడ్డలి ఇచ్చారు. పెళ్ళికి అవి తెచ్చుకున్న అల్లుడు పోయేటప్పుడు అవే పట్టుకుపోతాడు. గొడ్డలి కాడతోనే పొలిమేర దాకా కొట్టుకుంటూ తీసుకెళ్ళారు. ఫైసన్‌తో కలిసి పెరిగినవాళ్ళే, తప్పు పట్టను. కుడి చెవి అప్పట్నుంచీ వినపడదు. పక్కటెముకలు అతికాయి గాని వంకరగా అతికాయి, వాన వచ్చే ముందు చెబుతాయి.

కొండకి ఇవతల మా అమ్మ ఊరు. ఇక్కడికి తీగ ఎప్పుడూ రాలేదు. అక్క ఒక గుడిసె చూపించింది, అడగలేదు ఏమీ.

పక్కటెముకలు మొదటిసారి వాన సంగతి చెప్పిన రోజు, కొండ మీద మబ్బు దిగింది. తొలి చినుకులు దుమ్ములో గుంటలు పెడుతుండగా, చెయ్యి ఆసరా చేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. కొండ దారిన ఒక ఆడమనిషి దిగి వస్తోంది. నెత్తిన మూట. మాలో ఆడది మగవాడి ఊరికి నడిచి రాదు. వస్తే ఆమె వంశం ఆమెని లెక్కలోంచి తీసేస్తుంది.

గుండు మీద జుట్టు కొత్తగా మొలుస్తోంది. ఎనిఫా నా ముఖంలోకి చూడకుండా మూట దించింది. అందులోంచి గుడ్డలో చుట్టిన గిన్నె తీసి నా ముందు పెట్టింది. గుమ్మడాకు కూర, సంకటి. సంకటి ఇంకా వెచ్చగా ఉంది. ఎక్కడ ఆగి పొయ్యి వెలిగించిందో, ఎవరి దగ్గర నిప్పు తెచ్చుకుందో.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుకకి తెలిసింది, ఇది మర పిండి కాదు. రోట్లో దంచింది. ఆమె అరచేతులు చూశాను. బొబ్బలు చితికి ఉన్నాయి.

మూటలో ఇంకేముందో కనపడుతోంది. చుట్టిన చాప ఒకటి, ఇద్దరు పడుకునేది.

ఆమె తల వంచుకుని, చినుకుల వైపు చూస్తూ కూర్చుంది. నేనేమీ అడగలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా మాట్లాడకుండా తిన్నాను.